కట్ట మార్పుకు సై

భరణి కార్తె, బుధవారం

పొద్దున్నే గాలిగొట్టం జల్లెడ దులుపుతుంటే పలక మోగింది. తీగ ఆఫీసు గురుమూర్తి సారు. కట్టను కొత్తగా తీర్చిదిద్దబోతున్నారట. దానికి గని ఇళ్లన్నిటి దగ్గరా సలహాలు పోగుచేసి పంపే పని నా నెత్తిన పెట్టాడు.

"ఇన్నేళ్లుగా ఒకే తీరుగా ఉంది కదమ్మా, జనానికి విసుగొచ్చి ఉంటుంది" అన్నాడు.

ఎవరికి విసుగొచ్చిందో ఆయనకెలా తెలుసో! చల్లగదిలో కూర్చున్నవాళ్లకు ఇలాంటివన్నీ తోస్తాయి. కట్ట చూసుకునేదాన్ని నేను. నాకెవరూ విసుగని చెప్పలేదు. చెప్పినవాళ్లు వాళ్ల మొగుళ్ల మీద విసుగని చెప్పారు, అది వేరే సంగతి.

ఎండలు ముదిరి ఊళ్లు వదిలేసి, పాత నాపరాయి గనుల మీద కప్పులేసుకుని కాపురాలు పెట్టినప్పటి నుంచి మాకు కూర్చుని మాట్లాడుకోవడానికి మిగిలింది ఈ పలక మీది కట్టే. మనం నోటితో చెబితే పలక రాస్తుంది. ఆ రాత ముప్పై చిల్లర ఇళ్లలో కనిపిస్తుంది. పగలు బయట అడుగు పెడితే ప్రాణం పోతుంది కాబట్టి పోట్లాటలు, పెళ్లి సంబంధాలు, పప్పులోకి ఉప్పు చాలిందా లేదా అన్నదాకా అన్నీ కట్ట మీదే.

పొద్దు నడినెత్తికి రాగానే ప్రతి ఇల్లూ ఏం తిన్నదో చెప్పడం మా అలవాటు. చెప్పని ఇంటికి పొద్దు గూకగానే పక్క గనివాళ్లు వెళ్లి చూసొస్తారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎక్కడా రాసీ లేదు. అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు కూడా.

ఈ రోజు మాబున్ని చెప్పింది: "మజ్జిగన్నం తింటి. అదీ కక్కుంటి."

మాబున్నికి తొలి కాన్పు. రోహిణి కార్తెలో అవుతుందని నా లెక్క. మొగుడు దస్తగిరి ఎండను కరెంటు చేసే అద్దాల పొలంలో పనికి పోయాడు, వానలు పడేదాకా రాడు. నాలుగు గనుల అవతల ఇంట్లో ఒక్కతే ఉంది. మా ఇంటికి వచ్చెయ్యవే అంటే రాదు. ఇల్లు ఖాళీగా కనిపిస్తే నీళ్ల దొంగలు తొట్టి అడుగంటా తోడుకుపోతారని భయం. నొప్పులు మొదలవగానే కట్ట మీద చెబుతుంది, నేను వెళ్లాలి. అదీ ఒప్పందం. ఈ గనుల్లో పిల్లల్లో సగం మందిని ఈ చేతులే బయటికి తీశాయి.

భరణి కార్తె, శనివారం

తల ప్రాణం తోకకొస్తోంది. సలహాలు చెప్పండర్రా అన్నందుకు జనం మీద పడ్డారు. అక్షరాలు పెద్దవి చెయ్యమని ఒకరు, రంగులు పెట్టమని ఒకరు. తను రాసేది అత్తకు కనబడకూడదని ఒకామె. ఆ అత్త కూడా కోడలి గురించి అదే అడిగింది. మా ఇంటాయన ఓబులేసు పక్కనే కూర్చుని, "పొద్దున్నే ఒక నవ్వులాట మాట పెట్టమని నా పేరున గూడ రాయి" అన్నాడు. ఆయన నవ్వులాటలు వినే ఓపిక ఆఫీసుకు ఉండాలి కదా.

సలహా పెట్టాక నచ్చినవాళ్లు సై అనాలి. ఎక్కువ సైలు పడినవే పైకి వెళతాయి. మూడింటికి బాగా పడ్డాయి.

ఒకటి నాగశేషులుది. ఆయనకు ముందు నుంచీ జనమంటే చిరాకు, జనం పలకరించకపోతే అంతకన్నా చిరాకు. "దినామూ ఏం తింటిరి, ఏం తింటిమి అని గొంతు పోతాంది. కట్ట నిండా మన మాటలే గదా ఉండేది. అవి చూసుకోని మన బదులు అదే చెప్పగూడదా? అడిగినోళ్లకు జవాబు గూడ అదే ఇచ్చేస్తే ఎవురికీ మనసు నొయ్యదు" అని పెట్టాడు. మధ్యాహ్నం కునుకు పాడవుతోందని ఏడ్చేవాళ్లంతా సై అన్నారు. నేనూ అన్నాను.

రెండోది ఖాదర్ వలిది. పోయిన ఏడు ఆయన బంధువుల ఇంటికి వెళుతున్నానని కట్ట మీద చెప్పి వెళ్లాడు. వచ్చేసరికి తొట్టి ఎండిపోయి ఉంది. "పోతాండాం, వస్తాండాం అనే మాటలు దొంగనాయాండ్లు గూడ చదువుతాండారు. అవి కనపడకుండ చెయ్యండి" అన్నాడు. న్యాయమైన మాటే.

మూడోది మాబున్నిది. కడుపుతో ఉన్నప్పటి నుంచి కట్ట మీది ఆడవాళ్లంతా పోటీలు పడి తమ కాన్పుల కథలు చెబుతున్నారు. ఒకరికి రెండు రోజులు నొప్పులట, ఒకరికి ప్రాణం పోయి వచ్చిందట. పాపం ఆ పిల్ల నిద్ర మానేసింది. "అక్కల్లారా, మీ కాళ్లకు మొక్కుతా. నొప్పులు, సావులు, భయం మాటలు కట్ట మీద లేకుండ చెయ్యమని నా సలహా" అంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నేనే ఇంటింటికీ చెప్పి సై అనిపించాను.

మూడూ పంపేశాను. పీడా వదిలింది.

కృత్తిక కార్తె, సోమవారం

కొత్త కట్ట వచ్చింది. పొద్దున జొన్నలు దంచి, అలిసి, నడి పొద్దుకు అలాగే నేల మీద ఒరిగి నిద్రపోయాను. లేచి చూద్దును కదా, మా ఇంటి పేరు మీద రాసి ఉంది: "జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి. రొట్టె కొంచెం మాడింది, మా ఇంటాయన నోరు మెదపకుండ తినె."

హవ్వ! రొట్టె నిజంగానే మాడింది. ఆయన నిజంగానే నోరు మెదపలేదు. సోమవారాలు నేను రొట్టె మాడుస్తానని దానికి తెలుసన్నమాట.

ఓబులేసు పడీ పడీ నవ్వాడు. "నీకన్నా నీ పలకే నెమ్మదిగ మాట్లాడతాంది మే. దీన్నే చేసుకోనింటే పోయుండేది."

"చేసుకో పో. రొట్టె అది చేసి పెడతాదేమో చూస్తా" అన్నాను.

కృత్తిక కార్తె, శుక్రవారం

కట్ట మీద పోట్లాటే లేదు. నాకు పనీ లేదు. నాగశేషులు, ఖాదర్ వలి గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటలు లేని మనుషులు. అలాంటిది ఈ వారమంతా ఒకరి యోగక్షేమాలు ఒకరు కనుక్కుంటున్నారు. "మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్నా" అని ఈయన, "నీ దయ వల్ల బాగుండా తమ్ముడూ" అని ఆయన. చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

పొద్దు గూకాక నాగశేషులు జల్లెడ అరువుకని మా ఇంటికి వచ్చాడు. వస్తున్నానని కట్ట మీద చెప్పానన్నాడు. నాకేమీ కనబడలేదు, కానీ తలుపు పక్క కంతలోంచి ముఖం చూపించమని, లాంతరు వెలుగులో పోల్చుకుని తలుపు తీశాను. ఖాదర్ వలితో కలిసిపోయినందుకు సంతోషమన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను వానితో ఎప్పుడు మాట్లాడితినమ్మా? ఈ పొద్దు నీకు వస్తాండానని చెప్పేదాకా నేను పలక ముట్టుకోని వారమాయ."

జల్లెడ తీసుకుని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను పలక ముందు కూర్చుని, వారం రోజుల మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి చదివాను. ఏ మాట మనిషిది, ఏ మాట కట్టది అని చూస్తే ఒక్కటీ తేలలేదు. నా పేరు మీద ఉన్నవాటిలో కూడా కొన్ని నేనన్నానో లేదో గుర్తు రాలేదు. మొదటిసారి భయమేసింది.

రోహిణి కార్తె, ఆదివారం

కప్పు రాళ్లు చిటపటమంటున్నాయి. గాలిగొట్టంలోంచి వచ్చేది గాలి కాదు, సెగ.

నడి పొద్దుకు మాబున్ని ఇంటి మాట వచ్చింది: "గోంగూర పప్పు, కొర్రబువ్వ. కడుపునిండ తింటి."

కడుపుతో ఉన్న నాటి నుంచి మాబున్నికి గోంగూర వాసన పడదు. పేరెత్తితేనే వాంతి చేసుకుంటుంది. పోయిన ఏడు ఇదే కార్తెలో గోంగూర పప్పు తిన్నట్టుంది, కట్ట ఆ మాటే తీసి చెప్పింది. మరి మాబున్ని ఏమయింది?

"మాబున్నీ, నొప్పులు మొదలైనాయా?" అని అడిగాను. పలక మీద నా పేరు పక్కన "మాబున్నీ, కులాసానా?" అని పడింది.

"అంతా కులాసా అక్కా" అని వెంటనే జవాబు.

మళ్లీ అడిగాను. గట్టిగా అరిచి అడిగాను. నేను ఏమన్నా కులాసానే పడుతోంది. ఆ పిల్ల ఇప్పుడు నొప్పులని చెప్పినా నాకు గోంగూర పప్పే కనబడుతుంది. ఆ సలహా ఇచ్చింది తనే, సై అనిపించింది నేనే.

గురుమూర్తి సారుకు ఆఫీసు తీగ మీద చెప్పాను. అది కట్టది కాదు, మాట మాటలాగే పోతుంది.

"అమ్మా, మీరు పంపిన సలహాలే కదా అవి. అందరూ సై అన్నవే. మీకు వద్దనిపిస్తే కొత్త సలహా పెట్టండి, సైలు వస్తే చూస్తాం."

"సారూ, ఆడపిల్ల ఒక్కతే నీళ్లాడతాందో ఏమో, నేను సలహా పెట్టాల్నా?"

"పద్ధతి అదేనమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మర్యాదగానే అన్నాడు.

పెట్టాను. "ఈ మార్పులు తీసెయ్యండి, మనుషులు సచ్చిపోతారు" అన్నాను. పలక రాసింది: "ఈ మార్పులు బాగుండాయి." చూస్తుండగానే సైలు పడ్డాయి. నాగశేషులు ఇంటి నుంచి కూడా పడింది.

బయట దుమ్ముగాలి లేచింది. ఈ గాలిలో గనులు దాటడం అయ్యే పని కాదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

రోహిణి కార్తె, సోమవారం

గాలి తగ్గింది. పొద్దు గూకగానే బయల్దేరుతున్నాం. ఓబులేసు తోపుడుబండిలో నీళ్లు, పాత గుడ్డలు, నూనె పెట్టాడు.

ఎవరింటికైనా వెళ్లేముందు కట్ట మీద చెప్పాలి. చెప్పకుండా వచ్చినవాళ్లకు ఎవరూ తలుపు తీయరు. దొంగలు ఆడగొంతుతో ఏడ్చి తలుపు తీయించిన రోజులున్నాయి. "మాబున్నీ, నేను వస్తాండా" అని పదిసార్లు చెప్పాను. పలక మీద ఒక్క అక్షరం పడలేదు.

"తీగ తెంపేస్తే పోదా?" అన్నాడు ఓబులేసు.

"తొట్టికి నీళ్లు తోడే మోటారు తిరిగేదీ ఆ తీగ మీదే గదయ్యా. తెంపితే ఈ ఎండల్లో ఎన్నాళ్లు బతుకుతారు జనం?"

ఆయన లాంతరులో నూనె పోశాడు.

రోహిణి కార్తె, శనివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర.

మాబున్ని ఇంటి గాలిగొట్టం దగ్గరికి చేరగానే మూలుగు వినబడింది. నాకు ఆ మూలుగు తెలుసు. ముక్కుతూ, ఊపిరి బిగబట్టి, మధ్యలో తెగిపోయే మూలుగు. నొప్పులు మొదలై చాలాసేపయింది, బిడ్డ దిగడం లేదు.

తలుపు జానెడు మందం నాపరాయి. పిడికిళ్లతో గుద్దాను. "మాబున్నీ! నేనే! కాశక్కను! తలుపు తియ్యి!"

లోపల అలికిడి ఆగింది. తర్వాత ఎంతో బలహీనమైన గొంతు. "ఎవురు నువ్వు?"

"నేనేనే తల్లీ, కాశమ్మను. కాన్పు చెయ్యడానికి వస్తి."

"అబద్ధం! కాశక్క ఇంట్లోనే ఉండాది. ఇప్పుడే అడిగితి. పలక మీద మాట్లాడతాంది నాతో. తలుపు తియ్యొద్దనె."

నేను నోరు తలుపు సందుకు ఆనించాను.

"అది నేను కాదే! అది కట్టే!"

"కాశక్కైతే చెప్పు. నా పెండ్లినాడు నా చెవిలో ఏం చెప్పినావు?"

"మొదటి దినమే వంట బాగ చెయ్యొద్దు, బతుకంతా చేయిస్తారని చెప్తి."

లోపల ఏదో గొణుగుడు. పలకను అడుగుతోందని అర్థమైంది. నా ఖర్మ, ఆ మాట నేను కట్ట మీద ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వానో! నా బతుకులో కట్ట మీద చెప్పని మాట ఒక్కటి మిగిలిందా?

"అది గూడ చెప్పె ఆ యక్క" అంది మాబున్ని ఏడుస్తూ. "మీరు ఎవురైనా గానీ పొండి. నా దగ్గర నీళ్లు ల్యావు. కంతలో చెయ్యి పెడితే నరుకుతా."

తలుపు పక్కన మోకాలెత్తున కుండ అందించుకునే కంత ఉంటుంది. చేయి దూర్చితే లోపలి గడియ అందుతుంది. అందుకే ప్రతి ఇంట్లో కంత వెనుక కొడవలి పెట్టుకుంటారు. ఓబులేసు లాంతరు ఎత్తి పట్టుకున్నాడు, ముఖం చూపిద్దామని నేను కంత దగ్గరికి వంగాను. లోపలి నుంచి గోనెపట్టా అడ్డం పెట్టి ఉంది. దాన్ని తీసి చూసే ధైర్యం ఆమెకు లేదు. మళ్లీ నొప్పి వచ్చింది. ఈసారి మూలుగు కూడా సరిగ్గా రాలేదు. ఇంకాసేపు పోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు.

కుడిచేయి కంతలోకి పెట్టాను. పట్టా తోసుకుని మోచేయి దాకా పెట్టాను. గడియ వేళ్లకు తగులుతూనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అరచేయి పైకి తిప్పి అలాగే నేల మీద ఆనించి ఉంచాను.

"మే, వద్దు మే" అన్నాడు ఓబులేసు. అప్పటికే దెబ్బ పడింది.

ఎంత అరిచానో నాకు తెలియదు. చేయి మాత్రం వెనక్కి తీయలేదు. దొంగ చేయి గడియ వెతుక్కుంటుంది, దెబ్బ తగిలితే పారిపోతుంది. నా చేయి అక్కడే ఉంది. ఇంకో దెబ్బ పడుతుందేమోనని కళ్లు మూసుకున్నాను. చాలాసేపటికి చల్లటి వేళ్లు వచ్చి నా అరచేతిని తాకాయి.

"అక్కా" అంది మాబున్ని. "అక్కా, నువ్వేనా? అయ్యో, అక్కా!"

గడియ తీసిన చప్పుడు వినబడింది.

చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. ఓబులేసు తన తువ్వాలు చింపి కట్టాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమచేత్తోనే బిడ్డను తిప్పి తీశాను. ఆడపిల్ల. మొదట ఏడవలేదు. నేను ఏడ్చాను, ఆమె ఏడ్చింది, తర్వాత అది ఏడ్చింది.

తెల్లవారాక పలక చదివాను. ఆదివారం నుంచీ ఉంది, మా పలక మీద పడనిదంతా. తన నొప్పులు కులాసాలుగా పడి ఉంటే, అసలు ఏమన్నదో మాబున్ని పక్కనుంచి చెప్పింది. "అక్కా, నొప్పులు మొదలైనాయి." "ఏం కాదు, నేను లేనా?" "అక్కా, యాడ ఉండావు?" "ఇంట్లోనే ఉండా, నేను లేనా?" "అక్కా, పక్క గనివాళ్లను పిలిచేదా?" "ఏమిటికి? నేను లేనా?" అచ్చం నా మాటే. నేనైనా అలాగే అని ఉంటాను.

నాలుగు రోజులకు తల్లీబిడ్డలను బండిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. తొట్టి పోతే పోయింది. బిడ్డ పుట్టిన సంగతి, వేళ్లు పోయిన సంగతి కట్ట మీద చెప్పాను. "కాశమ్మ ఇంట అంతా కులాసా" అని పడింది. గురుమూర్తి సారు దగ్గర్నుంచి కూడా మాట వచ్చింది. కొత్త కట్టను జనం ఎంతో మెచ్చుకున్నారట, తక్కిన తాలూకాలకు కూడా ఇదే పెడతారట. సలహాలు బాగా పోగుచేసినందుకు నాకు అభినందనలు చెప్పాడు.

ఈ రోజు నడి పొద్దుకు అన్ని ఇళ్లూ ఏం తిన్నాయో చెప్పాయి. ఒక్క ఇల్లూ తప్పలేదు. ఖాదర్ వలి ఇంట్లో రాగి సంగటి. నాగశేషులు ఇంట్లో చింతచిగురు. తాళం పడి ఖాళీగా ఉన్న మాబున్ని ఇంట్లో ఉలవచారు.

తీగ తెంపలేం. చెప్పి వెళ్లలేం. వెళ్లి చూడకుండా ఉండలేం. ముప్పై చిల్లర ఇళ్లు, ప్రతి కంత వెనుకా ఒక కొడవలి.

"ఇప్పుడు నా చెయ్యి పెడతా" అన్నాడు ఓబులేసు.

"నీ చెయ్యి పెడితే బండి తోసేదెవురు?"

"నీ ఎడమచెయ్యి పోతే కాన్పులు చేసేదెవురు?"

మాబున్ని బిడ్డకు పాలిస్తూ మా ఇద్దరినీ చూస్తోంది. పొద్దు గూకుతోంది. ఓబులేసు బండి బయటికి తీశాడు. మొదట ఖాదర్ వలి ఇల్లు. ఎవరి చేయి పెట్టాలో దారిలో తేల్చుకుంటాం.